ఇన్ ద మార్నింగ్, ఎట్ నైట్: రాత్రికి 'ద' ఎందుకు రాదు?



ఇది కొంచెం పెద్ద పోస్టు. ఇంగ్లీషులో టైం చెప్పేటప్పుడు 'ఎ', 'యాన్', 'ద' ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అన్నదాని గురించి. గ్రామర్ అనగానే పైకి తోసేసి వెళ్ళిపోకండి. ఇందులో ఒక అన్నకి చేజారిన ఉద్యోగం ఉంది, మన ఊళ్ళ భూముల మాట కూడా ఉంది. తీరిక లేకపోతే దాచుకుని తర్వాత చదవండి.

మేము అంటే రాజమండ్రిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ఆరుగురం. నలుగురం కోయ, ఇద్దరం కొండరెడ్డి. అందరికీ ఇరవై అటూ ఇటూ. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలల్లో తెలుగులో చదివేం. ఇక్కడికి వచ్చేసరికి డిగ్రీ మొత్తం ఇంగ్లీషు మీడియం. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీకి అదే రూలు. అందుకని గ్రామర్ అనేది మాకు ఒక సబ్జెక్టు కాదు, అన్ని సబ్జెక్టులకీ అదే దారి.

పోయిన వేసవిలో మాలో ఒకడు ఊళ్ళో ఒక స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకి వెళ్ళేడు. 'ఐ స్టడీ ఇన్ నైట్' అన్నాడు. 'ఇన్ ద మార్నింగ్' కరెక్టు అయినప్పుడు ఇదీ అలాగే ఉంటుందనుకున్నాడు. క్లాసంతా నవ్వింది. చెప్పే ఆయన దిద్దకుండా "ఏజెన్సీ నుంచి వచ్చినోళ్ళకి ఆర్టికల్స్ ఒక పట్టాన రావు" అన్నారంట. వాడు మళ్ళీ ఆ క్లాసుకి వెళ్ళలేదు. ఆ మాట పట్టుకునే మేము మొత్తం వెతకడం మొదలుపెట్టేం. నాలుగు గ్రామర్ పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని రెండు నెలలు కూర్చున్నాం.

ముందు తేలిన సంగతి ఇది. ఆర్టికల్స్ రాకపోవడం ఏజెన్సీ జబ్బు కాదు. తెలుగులో ఆర్టికల్స్ లేవు. కోయ మాటలో లేవు. హిందీలో లేవు. రష్యన్, చైనీస్, జపనీస్ భాషల్లోనూ లేవు. ఆ దేశాల వాళ్ళు కూడా ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు సరిగ్గా ఇక్కడే తడబడతారు. మన భాషలో లేని వస్తువుని కొత్తగా నేర్చుకుంటున్నాం, అంతే. ఇందులో కొండకీ పల్లానికీ తేడా లేదు.

అసలు కీలకం ఎక్కడుంది

ఆర్టికల్ లేదు గానీ ఆ పని మనమూ చేస్తాం. 'ఒకరోజు వచ్చేడు' అంటాం. 'ఆ రోజు వచ్చేడు' అంటాం. 'రోజూ వస్తాడు' అంటాం. మొదటిదాంట్లో ఏ రోజో వినేవాడికి తెలియదు. రెండోదాంట్లో ఏ రోజో ఇద్దరికీ తెలుసు. ఇంగ్లీషులో మొదటిది 'ఎ', రెండోది 'ద'. తేడా ఏంటంటే మనం అవసరమైతేనే 'ఒక', 'ఆ' వాడతాం, వాళ్ళు ప్రతిసారీ తేల్చి చెప్పాలి. ఇక ఏ ఆర్టికలూ లేని చోటు మూడోది. అక్కడ ఆ మాట ఒక పేరులా పనిచేస్తుంది. సోమయ్య అనే మనిషిని 'ఒక సోమయ్య' అనం కదా, మండేని కూడా అలాగే ఊరికే 'ఆన్ మండే' అంటారు.

'ఎ' అంటే చాలావాటిలో ఒకటి. 'ద' అంటే మనిద్దరికీ తెలిసిన అదే. ఏదీ లేకపోతే అది పేరు. టైం మాటలన్నీ దాదాపు ఈ మూడు గంపల్లో సర్దుకుంటాయి.

పొద్దు పొడుపు నుంచి పొద్దు గూకే దాకా

మన పెద్దోళ్ళకి గడియారం లేదు. కోడికూత వేళ, పొద్దు పొడిచే వేళ, మిట్ట మధ్యాహ్నం, పొద్దు గూకే వేళ అంటారు. ఇంగ్లీషులో ఇవన్నీ 'ఎట్' పెట్టి, ఆర్టికల్ లేకుండా చెప్తారు. 'ఎట్ కాక్‌క్రో', 'ఎట్ డాన్', 'ఎట్ నూన్', 'ఎట్ సన్‌సెట్', 'ఎట్ మిడ్‌నైట్'. ఇవి ఒక చుక్క లాంటి వేళలు.

మార్నింగ్, ఆఫ్టర్నూన్, ఈవెనింగ్ అలా కాదు. అవి పొడుగాటి ముక్కలు. ఒక ముక్క లోపల పని జరుగుతుంది కాబట్టి 'ఇన్' వస్తుంది, రోజులో ఆ ముక్క ఏదో అందరికీ తెలుసు కాబట్టి 'ద' వస్తుంది. 'ఇన్ ద మార్నింగ్', 'ఇన్ ది ఆఫ్టర్నూన్', 'ఇన్ ది ఈవెనింగ్'.

మరి నైట్ కూడా పొడుగే కదా? అవును. కానీ ఇంగ్లీషు వాళ్ళు రాత్రి మొత్తాన్ని ఒకే వేళగా లెక్కేసి 'ఎట్ నైట్' అంటారు. మేము ఇలా గుర్తు పెట్టుకున్నాం: పగలు ముక్కలు ముక్కలు, రాత్రి ఒకే గుక్క. అయితే ఏదో ఒక ఫలానా రాత్రి గురించి చెప్పేటప్పుడు 'ద' మళ్ళీ వచ్చేస్తుంది. 'ఇట్ రెయిన్డ్ ఇన్ ద నైట్' అంటే ఆ రాత్రి వాన పడింది అని. తేదీ చెప్తే 'ఆన్ ద నైట్ ఆఫ్' అని మొదలెట్టి తేదీ వెయ్యాలి.

గోదారి వరద రోజుల్లో ధవళేశ్వరం నీటిమట్టం గంటగంటకీ ఫోన్లలో తిరుగుతుంది. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ మెసేజీలనే మేము వ్యాయామంగా చేసుకున్నాం. 'ఎట్ సిక్స్ ఇన్ ద మార్నింగ్', 'ఎట్ టెన్ ఎట్ నైట్' అని ఒక్కోటి ఇంగ్లీషులోకి మార్చేం. దేవీపట్నం వైపు ఊళ్ళున్న మా వాడికి అది వ్యాయామం కాదు. వాడి వాళ్ళు ఆ అంకెలు చూసుకునే సామాన్లు సర్దుతారు.

సంతలు, నెలలు, సంవత్సరాలు

వారాలకి, నెలలకి, సంవత్సరాలకి మామూలుగా ఆర్టికల్ ఉండదు. 'ఆన్ సండే', 'ఇన్ జులై', 'ఇన్ 1852'. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది అని రాయాలంటే 'ఇన్ 1852' చాలు. 'ఇయర్' అనే మాట తెస్తే మాత్రం 'ద' కావాలి, 'ఇన్ ద ఇయర్ 1852' అని. శతాబ్దం చెప్తే 'ఇన్ ద నైన్టీన్త్ సెంచరీ'. పదేళ్ళ గుంపు చెప్తే 'ఇన్ ద నైన్టీన్ ట్వెంటీస్'.

ఇప్పుడు సంత చూడండి. 'ఐ విల్ కమ్ ఆన్ సండే' అంటే వచ్చే ఆదివారం సంతకి వస్తానని. 'ఐ మెట్ హిమ్ ఆన్ ఎ సండే' అంటే ఏదో ఒక ఆదివారం కలిసేనని, ఏ సంతో ముఖ్యం కాదు. 'ఆన్ ద సండే ఆఫ్టర్ ద ఫ్లడ్' అంటే వరద తర్వాత వచ్చిన ఆ ఆదివారం. రోజు ఒక్కటే, ఆర్టికల్ మారితే లెక్క మారింది. మా పరీక్షల్లో తప్పు కనుక్కోమనే ప్రశ్నలన్నీ ఇలాంటి చోటే పొంచి ఉంటాయి.

పెద్దోళ్ళు 'ఎనభై ఆరు వరదప్పుడు' అంటారు కదా, గోదారి పక్క ఏ ఊళ్ళోనైనా. 1986 ఆగస్టు వరద అన్నమాట. ఇంగ్లీషులో అది 'ద ఫ్లడ్ ఆఫ్ 1986'. అందరికీ తెలిసిన వరద కాబట్టి 'ద'. 2022 జులైలో వచ్చినదీ అంతే. 'ఎ ఫ్లడ్ ఇన్ 1986' అని రాస్తే ఏదో ఒక వరద అనే చిన్న మాట అయిపోతుంది. మన ముసలోళ్ళకి అది చిన్నది కాదు.

రేపు వేరు, మర్నాడు వేరు

మేము బాగా తికమకపడి, చివరికి తెలుగులోనే జవాబు దొరికించుకున్నది ఇది. 'నెక్స్ట్ వీక్' కి 'ద' ఉండదు, 'ద నెక్స్ట్ వీక్' కి ఉంటుంది. పుస్తకంలో రెండూ కరెక్టే అని ఉంది. ఎలాగ?

మన దగ్గర రేపు, మర్నాడు అని రెండు మాటలున్నాయి. రేపు అంటే ఇవాళ్టి నుంచి లెక్క. మర్నాడు అంటే కథలో చెప్తున్న రోజు నుంచి లెక్క. ఇదే తేడా. ఇప్పుడు మాట్లాడే క్షణం నుంచి లెక్కేస్తే ఆర్టికల్ లేదు: 'నెక్స్ట్ వీక్', 'లాస్ట్ ఇయర్', 'నెక్స్ట్ మంత్'. జరిగిపోయిన కథలోని రోజు నుంచి లెక్కేస్తే 'ద నెక్స్ట్ డే', 'ద నెక్స్ట్ వీక్'.

మన చరిత్రలోంచే ఉదాహరణ తీసుకుందాం. అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర, వాళ్ళ వెంట మన పెద్దలు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డారు. మర్నాడు కృష్ణదేవిపేట. ఆ మర్నాడు మన రాజవొమ్మంగి. దీన్ని ఇంగ్లీషులో రాస్తే మొదటిది 'ఆన్ 22 ఆగస్ట్ 1922', చదివేటప్పుడు 'ద ట్వెంటీ సెకండ్ ఆఫ్ ఆగస్ట్'. రెండోది 'ద నెక్స్ట్ డే'. మూడోది 'ద డే ఆఫ్టర్ దట్'. ఇక్కడ 'టుమారో' అని రాస్తే నవ్వులే. వందేళ్ళ కిందటి మర్నాడు మన రేపు కాదు.

'లాస్ట్' కూడా ఇంతే. 'లాస్ట్ వీక్' అంటే పోయిన వారం. 'ద లాస్ట్ వీక్ ఆఫ్ మే' అంటే మే నెల ఆఖరి వారం. 'ఫర్ ద లాస్ట్ త్రీ డేస్' అంటే ఈ మూడు రోజులుగా. జ్వరం అని సెలవు చీటీ రాసేటప్పుడు ఈ మూడోది కావాలి.

మనకి ఒక్క మాటలో అయిపోయేది వాళ్ళకి నాలుగు మాటలు పట్టే చోటు కూడా ఉంది. మొన్న అంటే 'ద డే బిఫోర్ యెస్టర్‌డే'. ఎల్లుండి అంటే 'ద డే ఆఫ్టర్ టుమారో'. రెండింటికీ 'ద' తప్పదు. మొన్నామధ్య అంటే 'ది అదర్ డే'.

రోజుకి, వారానికి

'ఎ' కి ఇంకో పని ఉంది. మన 'కి' చేసే పని. రోజుకి రెండుసార్లు అంటే 'ట్వైస్ ఎ డే'. వారానికి ఒకసారి సంత అంటే 'వన్స్ ఎ వీక్'. నెలకి ఇంత, ఏడాదికి ఇంత, అన్నీ 'ఎ'. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో వంద రోజుల పని అన్నది 'ఇన్ ఎ ఫైనాన్షియల్ ఇయర్' లెక్క. ఏదో ఒక్క సంవత్సరం కాదు, ప్రతి ఆర్థిక సంవత్సరానికీ అని. ఆ 'ఎ' లోనే అంతా ఉంది.

'ఎ ఫ్యూ డేస్', 'ఫ్యూ డేస్' ఈ రెండూ జాగ్రత్త. 'ఐ నీడ్ ఎ ఫ్యూ డేస్' అంటే కొన్ని రోజులు కావాలి. 'ఫ్యూ డేస్ ఆర్ లెఫ్ట్' అంటే ఇంక రోజులు పెద్దగా లేవు. ఒక్క అక్షరం తీసేస్తే 'ఉన్నాయి' కాస్తా 'లేవు' వైపు తిరుగుతుంది. హాస్టల్ లీవ్ లెటర్లలో మేము చూసిన వాటిల్లో ఎక్కువమంది 'ఫ్యూ డేస్ లీవ్' అనే రాస్తారు. 'ఎ' పెట్టండి. లేదంటే లెక్క చెప్పి 'త్రీ డేస్ లీవ్' అనండి, దానికి ఆర్టికల్ అక్కర్లేదు.

'ఎ' నా, 'యాన్' నా

దీనికి అక్షరం కాదు, శబ్దం చూడాలి అని అందరూ చెప్తారు. కానీ తెలుగువాళ్ళకి ఉన్న చిక్కు ఏంటో ఎవరూ చెప్పరు. 'అవర్' ని తెలుగులో రాస్తే 'అ' తో మొదలవుతుంది, కాబట్టి 'యాన్ అవర్'. బాగుంది. 'యూనివర్సిటీ' 'య' తో మొదలవుతుంది, కాబట్టి 'ఎ యూనివర్సిటీ'. ఇదీ బాగుంది. 'ఇయర్' దగ్గర తెలుగు రాత మోసం చేస్తుంది. మనం 'ఇ' తో రాస్తాం గానీ ఇంగ్లీషులో దాని మొదట 'య' శబ్దం ఉంది. అందుకని 'ఎ ఇయర్'.

దీనికి ఎదురు చిక్కు 'ఎగ్జామ్'. మనం నోటితో 'యెగ్జామ్' అంటాం, లేని 'య' ని తగిలిస్తాం. అందుకే 'ఎ యెగ్జామ్' అనాలనిపిస్తుంది. అసలు శబ్దం 'ఎ' నే. 'యాన్ ఎగ్జామ్'. ఈ రెండు మాటలూ రోజూ పదిసార్లు పైకి అనుకోండి, 'ఎ ఇయర్, యాన్ ఎగ్జామ్' అని. మేము బకెట్టు పట్టుకుని నీళ్ళ లైన్లో నించుని అనుకునేవాళ్ళం. అరగంట 'హాఫ్ యాన్ అవర్', గంటన్నర 'యాన్ అవర్ అండ్ ఎ హాఫ్'.

ఒక అన్న ఉత్తరం

ఇప్పుడు మొదట చెప్పిన అన్న సంగతి. మా హాస్టల్లోనే చదువుకుని వెళ్ళిన అన్న. ఒక ప్రైవేటు కంపెనీ ట్రైనింగుకి సెలెక్ట్ అయ్యేడు. ఉత్తరం మీద 3వ తేదీ ఉంది. లోపల 'వితిన్ సెవెన్ డేస్ ఫ్రమ్ ద డేట్ ఆఫ్ దిస్ లెటర్' ఒప్పుకుంటున్నట్టు తెలియజేయాలి అని ఉంది. వాళ్ళది రోడ్డు దిగి నడవాల్సిన ఊరు. ఉత్తరాలు సంతకి వచ్చిన మనిషి చేతికిచ్చి పంపుతారు. అది అన్న చేతికి 8న చేరింది. వారం టైం ఉంది కదా అని డబ్బులు, బట్టలు చూసుకుని 12న కొండెక్కి, సిగ్నల్ దొరికే చోటు నుంచి ఫోన్ చేసేడు. గడువు 10నే అయిపోయింది, వేరేవాళ్ళకి ఇచ్చేశాం అన్నారు.

అన్నకి ఇంగ్లీషు రాక కాదు. 'సెవెన్ డేస్' చదివేడు, 'లెటర్' చదివేడు. మధ్యలో ఉన్న 'ద డేట్' మీద కన్ను ఆగలేదు. 'ద' అంటే ఏదో ఒక తేదీ కాదు, ఫలానా తేదీ. ఏ తేదీ? ఆ ఉత్తరం మీద వేసిన తేదీ. మన చేతికి అందిన రోజు కాదు. ఉత్తరం నడిచొచ్చిన ఐదు రోజులూ మన ఖాతాలోంచే పోయినట్టు. ఆ రూలు న్యాయమా అంటే కొండ మీద ఊళ్ళకి అది న్యాయం కాదు, ఆ గొడవ వేరే పోస్టులో మాట్లాడుకుందాం. కానీ ఉన్నది ఉన్నట్టు చదవగలిగితే అన్న 9న ఫోన్ చేసేవాడు.

ఇది ఒక్క ఉద్యోగం సంగతే అయితే ఇంత రాయం. మన భూముల చట్టాలన్నీ ఇదే భాషలో ఉన్నాయి.

2013 భూసేకరణ చట్టంలో ప్రాథమిక నోటిఫికేషన్ మీద అభ్యంతరం చెప్పడానికి ఇచ్చిన గడువు 60 రోజులు. ఎప్పటి నుంచి? 'ఫ్రమ్ ద డేట్ ఆఫ్ ద పబ్లికేషన్'. నోటిఫికేషన్ ప్రచురించిన ఆ తేదీ నుంచి. ఎవరో ఊళ్ళోకి వచ్చి చెప్పిన రోజు నుంచి కాదు.

2006 అటవీ హక్కుల చట్టంలో మన పోడు భూములకి కీలకమైన తేదీ 2005 డిసెంబరు 13. ఇంగ్లీషులో 'బిఫోర్ ద థర్టీన్త్ డే ఆఫ్ డిసెంబర్' అని ఉంటుంది. ఆ రోజుకి ముందే భూమి మన సాగులో ఉండాలి. గ్రామసభ తీర్మానం మీద పై కమిటీకి వెళ్ళాలంటే 60 రోజులు, అది కూడా తీర్మానం తేదీ నుంచి. కాబట్టి తీర్మానం కాపీ మీద తేదీ వేయించుకోవడం మర్చిపోకండి.

2005 సమాచార హక్కు చట్టంలో జవాబుకి 30 రోజులు. అక్కడ లెక్క 'ఆఫ్ ద రిసీట్ ఆఫ్ ద రిక్వెస్ట్', అంటే మన దరఖాస్తు ఆఫీసుకి అందిన రోజు నుంచి. మనం రాసిన రోజు, పోస్టులో వేసిన రోజు లెక్కలోకి రావు. అందుకే అందినట్టు రసీదు తీసుకోవాలి, లేదా స్పీడ్ పోస్టులో పంపి చీటీ దాచుకోవాలి.

ఈ మూడు చట్టాల్లోనూ ఒక పద్ధతి కనపడుతుంది. రోజుల సంఖ్య ముందు 'ద' ఉండదు, 'వితిన్ సిక్స్టీ డేస్', 'వితిన్ థర్టీ డేస్'. అవి ఏ రోజులైనా కావచ్చు. లెక్క మొదలయ్యే చోట మాత్రం 'ద' ఉంటుంది. ఇంటికి ఏ కాగితం వచ్చినా ముందు రోజుల సంఖ్య కింద గీత గీయండి, తర్వాత 'ఫ్రమ్ ద', 'ఆఫ్ ద' ఎక్కడుందో వెతకండి. దాని పక్కనున్న మాటే గడియారం. ఇప్పుడు మేము సెలవులకి ఊరెళ్తే కాగితాలు పట్టుకుని వస్తున్నారు. పెద్దమ్మలు, బాబాయిలు సంచుల్లోంచి మడతలు విప్పి చూపిస్తారు. అన్నిటికీ జవాబు మాకు తెలీదు గానీ తేదీ లెక్క మాత్రం చెప్పగలుగుతున్నాం.

వాళ్ళకి లేనిది మన దగ్గర ఉంది

ఇంకొక్క మాట. ఈ పోస్టంతా 'మేము' అని రాసేం, కొన్నిచోట్ల 'మనం' అన్నాం. చదివే మీకు తేడా వెంటనే తెలుస్తుంది. మేము అంటే రూములో ఆరుగురం. మనం అంటే మీరూ కలిసి. ఇంగ్లీషులో రెండింటికీ ఒక్కటే 'వియ్'. రాజమండ్రిలో పనిచేసి, 1840లో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించిన బ్రౌన్ లాంటి దొరలు కూడా ఇలాంటివన్నీ కొత్తగా నేర్చుకున్నవాళ్ళే. గిడుగు రామమూర్తి గారు సవర వాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాసేరు. ఆయన ఆఖరి రోజుల్లో ఉన్నది ఈ రాజమండ్రిలోనే. వేరే వాళ్ళ భాషలో చిన్న చిన్న మాటలు నేర్చుకోవడానికి పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళకీ ఏళ్ళు పట్టింది. మనకి రెండు నెలలు పట్టిందని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

క్లాసు మానేసిన మా వాడు ఇప్పుడు మళ్ళీ చదువుతున్నాడు, ఎట్ నైట్. ఆదివారం సాయంత్రాలు హాస్టల్లో ఇంటర్ తమ్ముళ్ళకి వాడే ఈ పాఠం చెప్తున్నాడు.

మీ దగ్గర ఇంగ్లీషులో వచ్చిన నోటీసు గానీ, కాల్ లెటర్ గానీ ఉంటే పేరు, నంబరు కనపడకుండా మూసి తేదీ ఉన్న వాక్యం కింద పెట్టండి. అందరం కలిసి చదువుదాం. ఆశ్రమ పాఠశాలల్లో తొమ్మిది, పది చదివే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఇది చదివి వినిపించండి. ఇందులో ఏదైనా సరిగ్గా లేదనిపిస్తే టీచర్లయిన అన్నలు, అక్కలు దిద్దండి. వచ్చేసారి 'సిన్స్', 'ఫర్' గురించి రాస్తాం.

జై ఆదివాసీ.